కుబూస్ అంటే ఏ రొట్టె?

సౌదీలో దిగిన తెలుగువాడికి అరబ్బీ పాఠాలు ఎవరూ చెప్పరు. అయినా నెల తిరిగేసరికి పది మాటలు నోటికొస్తాయి. మాఫీ, ఖలాస్, యల్లా, కఫీల్, ఇఖామా, బఖాలా... ఈ వరుసలో కుబూస్ లేకుండా ఉండదు. మిగతావి పని నేర్పిన మాటలు, ఇది కడుపు నేర్పిన మాట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో విమానం ఎక్కని ముసలమ్మలకు కూడా ఈ మాట తెలుసు. కొడుకో అల్లుడో ఫోన్లో చెప్పగా చెప్పగా ఊళ్లోకి వచ్చేసింది.

అర్థం అడిగితే "సౌదీ రొట్టె" అంటారు. తప్పేమీ లేదు. అయితే ఆ అర్థంతోనే రియాద్‌లో కొట్టుకు వెళితే "ఏ రొట్టె?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. జెద్దాలో అదే రొట్టెను ఇంకో పేరుతో అడిగేవాళ్లు కనిపిస్తారు. ఆ ఇంకో పేరు పట్టుకుని దమ్మామ్ వైపు వెళితే ముందుకు అన్నం వచ్చినా రావచ్చు. కాబట్టి ఈ మాటను కాస్త నింపాదిగా విప్పి చూడాల్సిందే.

అసలు మాట ఖుబ్‌జ్. ఇందులో ఖ మన ఖకారం లాంటిది కాదు. ఉర్దూ బాగా వచ్చినవాళ్లు ఖబర్, ఖర్చు అనేటప్పుడు గొంతు వెనక గీసుకుంటూ వచ్చే గాలి. చివరి జ కూడా జమీన్‌లో వినిపించే జ. పైగా బ్, జ్ రెండూ అచ్చు లేకుండా పక్కపక్కన నిలబడ్డాయి. మాట చివర అలా రెండు హల్లులు ఒరుసుకోవడం గల్ఫ్ అరబ్బులకే ఇబ్బంది. అందుకని వాళ్లు మధ్యలో చిన్న అచ్చు దూర్చి ఖుబుజ్ అనో, ఖుబిజ్ అనో అంటారు. మలయాళీలు దాన్ని కుబ్బూస్ చేశారు, మనవాళ్లు కుబూస్ అన్నారు. గల్ఫ్ కిరాణా కొట్ల గల్లాపెట్టెల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నది ఎక్కువగా మలయాళీలే. అరబ్బుల నోటి నుంచి కంటే వాళ్ల నోటి నుంచే మనకు ఈ మాట చేరిందని నా అనుమానం.

పలకడంలో ఒక జాగ్రత్త కూడా ఉంది. కబ్సా అనేది మాంసం, మసాలాలతో వండే అన్నం. దానికీ కుబూస్‌కూ చుట్టరికం లేదు. హబ్స్ అంటే జైలు. కొత్తగా వచ్చినవాడి నోట్లో ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. కొట్టువాడు ఎలాగూ అర్థం చేసుకుంటాడనుకోండి, నవ్వుకోవడం మాత్రం ఖాయం.

అరబ్బీలో చాలా మాటలకు మూడు హల్లులు పునాది. ఇక్కడ ఖ-బ-జ. దీంట్లోంచి రొట్టెలు కాల్చేవాడు ఖబ్బాజ్ అయ్యాడు, కాల్చే చోటు మఖ్బజ్ అయింది. మాట ముందు 'మ' చేర్చి ఆ పని జరిగే చోటును చెప్పడం అరబ్బీ పద్ధతి. సజ్దా చేసే చోటు మస్జిద్. అదే మన మసీదు. రాసే చోటు మక్తబ్, అంటే ఆఫీసు. వండే చోటు మత్బఖ్. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సౌదీ వీధుల్లో సగం బోర్డులు లొంగుతాయి. మఖ్బజ్ అన్న బోర్డు కనిపిస్తే లోపల పొయ్యి ఉందన్నమాట. బఖాలాలో, అంటే కిరాణా కొట్టులో దొరికేది అక్కడి నుంచి పొద్దున్నే వచ్చిన సరుకు.

మాట చాలా పాతది. ఖురాన్‌లో యూసుఫ్ కథలో ఒక ఖైదీ తన కల చెప్పుకుంటాడు. తల మీద ఖుబ్‌జ్ మోస్తున్నాడట, పక్షులు వచ్చి పొడుచుకు తింటున్నాయట. బైబిలు చదివేవాళ్లకు ఇది యోసేపు కథగా, ఆ ఖైదీ ఫరో కొలువులోని భక్ష్యకారుల అధిపతిగా పరిచయం.

ఇక "ఏ రొట్టె?" అన్న ప్రశ్నకు వద్దాం. ఖుబ్‌జ్ అన్నది మొత్తం జాతి పేరు. మనవాళ్లు కుబూస్ అని పిలిచే గుండ్రటి పలచటి రొట్టె ఆ జాతిలో ఒక రకం. దాన్ని విడిగా చెప్పాలంటే మఫ్రూద్ అంటారు. గోధుమ పొట్టు కలిసిన ముదురు రంగుది కావాలంటే బుర్ అని అడగాలి. బుర్ అంటే గోధుమే. చేతి పొడవున్న మెత్తటి బన్ను లాంటిది సమూలీ. కోడిగుడ్డో, జున్నో, వేయించిన కాలేయమో పెట్టి పొద్దున పూట శాండ్‌విచ్ కట్టేది దాంతోనే. ఇంకా పలచగా, పెద్దగా ఉండేది షామీ లేదా లుబ్నానీ. పేర్లలోనే సిరియా, లెబనాన్ ఉన్నాయి. అట్టు కంటే పలచగా కాల్చేది రుఖాఖ్.

వీటన్నిటికంటే తమీస్ దారి వేరు. అఫ్ఘాన్, బుఖారా మూలాలున్న రొట్టెగాళ్లు మట్టి తందూరు గోడకు కొట్టి కాలుస్తారు. పళ్లెం కంటే పెద్దదిగా, అంచు కరకరలాడుతూ, పైన వేలి గుంటలతో ఉంటుంది. పక్కన ఫూల్, అంటే ఉడికించి మెదిపిన బాకలా గింజల ముద్ద, పైన నూనె, జీలకర్ర. మక్కా, జెద్దా ప్రాంతంలో తెల్లవారుజాము నమాజు అయ్యాక తమీస్ కొట్టు ముందు కనిపించే వరుసలో సౌదీలు, యెమెనీలు, పాకిస్తానీలు, మనవాళ్లు అందరూ ఉంటారు. ఆ కొట్టులో ఖుబ్‌జ్ కావాలని అడిగితే తమీసే చేతికొస్తుంది. అదే మాటకు పక్క వీధి బఖాలాలో మఫ్రూద్ కవర్ వస్తుంది. మనకూ ఇంతే కదా. తాండూరులో రొట్టె అంటే అడగకుండానే జొన్నరొట్టె, గోదావరి వైపు హోటల్లో అదే మాటకు మినపరొట్టె గుర్తుకొస్తుంది.

కొట్టులో మాటల తతంగం చాలా పొట్టిది.

"యా సదీక్, ఫీ ఖుబ్‌జ్?"

"ఫీ. కమ్?"

"బి రియాల్."

ఫీ అంటే ఉంది, మాఫీ అంటే లేదు. కమ్ అంటే ఎంత. బి రియాల్ అంటే రియాలుకు. వ్యాకరణం ఇంతకు మించి అక్కర్లేదు. కాకపోతే సదీక్ అన్నది స్నేహితుడా అన్న మాట అయినా, పరాయి దేశపు పనివాణ్ని పేరు తెలియక పిలిచే పిలుపుగా అరిగిపోయింది. పొయ్యి దగ్గర నిలబడ్డ పెద్దాయన్ని ముఅల్లిం అని పిలిచి చూడండి. మేస్త్రీ, ఉస్తాద్ లాంటి గౌరవం ఉంది అందులో. వేడివేడిది వెతికి ఇస్తాడు.

కవర్‌లోని ఆ మఫ్రూద్ ఎలా తయారవుతుందో ఒకసారి చూడదగ్గదే. 45 కిలోల పిండి బస్తాలు యంత్రంలో ముద్ద అవుతాయి. ముద్ద ఉండలై, కాసేపు పులిసి, రోలర్ల కింద చదునై, పట్టీ మీద నడుచుకుంటూ బాగా కాగిన పొయ్యిలోకి వెళుతుంది. లోపల ఉండేది నిమిషం లోపే. ఆ వేడికి పై పొర, కింద పొర ముందే గట్టిపడతాయి. లోపలి తడి ఆవిరై బయటికి దారి లేక రెండు పొరల్నీ విడదీస్తుంది. రొట్టె బంతిలా ఉబ్బి, పొయ్యి దాటగానే చప్పున అణిగిపోతుంది. పుల్కా పొంగేదీ ఈ సూత్రం మీదే. చల్లారాక ఆ రెండు పొరల మధ్య సంచీ లాంటి ఖాళీ మిగులుతుంది. షవర్మా, ఫలాఫిల్ కూరేది అందులోనే. వేడి మీద ప్లాస్టిక్ కవర్‌లో కట్టేస్తే చెమటపట్టి మెత్తగా ఉంటుంది, విప్పి గాలికి వదిలేస్తే సాయంత్రానికి అట్టముక్క.

బి రియాల్ అన్న మాట దశాబ్దాలుగా చెక్కుచెదరలేదు. అద్దెలు పెరిగాయి, పెట్రోలు పెరిగింది, విలువ ఆధారిత పన్ను 2018లో 5 శాతంతో మొదలై 2020లో 15కు చేరింది. రొట్టె కవర్ మాత్రం రియాలుకు అతుక్కుని ఉంది. రియాలు కవర్‌లో 510 గ్రాములు ఉండాలని వాణిజ్య శాఖ నియమం. రొట్టెలు నాలుగున్నాయా అయిదున్నాయా అన్నదాంతో పని లేదు, తూకమే లెక్క. తూకం తగ్గించిన బేకరీలకు జరిమానా పడింది అన్న వార్త అక్కడి పత్రికలకు కొత్త కాదు. ధర పెంచలేనివాడు బరువు కోస్తాడన్నది ఏ దేశపు ప్రభుత్వానికైనా తెలిసిన సంగతే.

ఆ రియాలు వెనక రాజ్యం పెట్టిన ఖర్చు చిన్నది కాదు. ధాన్యం గోదాములు, పిండి మిల్లుల సంస్థను సౌదీ 1972లో స్థాపించింది. మరుసటి ఏడాదే చమురు ధరలు ఎగిసి చేతిలో డబ్బు ఆడింది. తిండి గింజలకు పరాయి దేశం మీద ఆధారపడకూడదన్న పట్టుదల మొదలైంది. 1980ల మొదట్లో రైతుకు టన్ను గోధుమకు 3,500 రియాళ్లు చెల్లించారు. అంతర్జాతీయ ధరకు అది ఎన్నో రెట్లు. ఖసీమ్, హాయిల్, తబూక్, జౌఫ్ ఎడారుల్లో గుండ్రంగా తిరిగే నీటి యంత్రాలు పెట్టి పచ్చటి వలయాలు పరిచారు. 1992కు దిగుబడి 40 లక్షల టన్నులు దాటింది. ఎడారి దేశం గోధుమ ఎగుమతి చేసింది!

నీళ్లు ఎక్కడివి? వేల ఏళ్ల కిందట కురిసిన వానలు భూగర్భంలో రాతి పొరల్లో చిక్కుకున్నవి. తోడటమే తప్ప తిరిగి నిండేది దాదాపు ఉండదు. బోరు ఎండాక ఇంకో వంద అడుగులు దింపే అనంతపురం రైతుకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. చివరికి 2008లో వెనక్కి తగ్గారు. స్వదేశీ గోధుమ కొనుగోలును ఏటా 12.5 శాతం చొప్పున కోస్తూ 2016కు ఆపేశారు. ఆ తర్వాత పరిమితంగా మళ్లీ అనుమతించినా, ఈ రోజు రియాద్ రొట్టెలో పిండి చాలావరకు సముద్రం దాటి వచ్చిందే. నల్ల సముద్రపు రేవుల నుంచో, ఆస్ట్రేలియా నుంచో. రొట్టెలు కాల్చే ముఅల్లిం, కొనే సదీక్, పిండి మూడూ విదేశాల నుంచి వచ్చినవే అయిన కవర్లు ఆ దేశంలో రోజూ లక్షల్లో అమ్ముడవుతాయి.

ఇప్పుడు జెద్దాలో వినిపిస్తుందన్న ఆ రెండో పేరు సంగతి. ఐష్. వాడుకలో ఏష్ అని వినిపిస్తుంది. మాటకు మూలార్థం బతుకు, జీవించడం. ఈజిప్టులో రొట్టెకు ఇదే పేరు. 1977 జనవరిలో రాయితీలు తీసేయబోతే కైరో వీధులు మండింది ఐష్ కోసం, 2011లో తహ్రీర్ చౌక్‌లో స్వేచ్ఛ కంటే ముందు జనం నోట వినిపించిన మాటా ఐష్. ఎర్ర సముద్రానికి ఇవతల ఉన్న హిజాజ్, అంటే మక్కా, జెద్దా, మదీనా ప్రాంతం, ఈజిప్టుతో వందల ఏళ్ల రాకపోకలున్న నేల. అక్కడి పాతకాపులు కూడా రొట్టెను ఏష్ అంటారు. అక్కడి నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా తూర్పుకు, దమ్మామ్, ఖతీఫ్, అహ్సా వైపు వెళ్లండి. అక్కడ ఏష్ అంటే బియ్యం, అన్నం. అహ్సా ఒయాసిస్‌లో పండే ఎర్రబియ్యానికి ఏష్ హసావీ అని పేరు. ఒకే దేశం, ఒకే మాట, ఒక తీరంలో గోధుమ, ఇంకో తీరంలో వరి. తూర్పు తీరానికి ఓడలు వచ్చేది మన వైపు నుంచి, బియ్యం బస్తాలతో. ఎవరికి ఏది తింటే బతికినట్టు అనిపిస్తే దానికి బతుకు అని పేరు పెట్టుకున్నారు.

మన అన్నం కూడా ఈ దారిన వచ్చిందే. సంస్కృతంలో అన్నం అంటే తినబడేది, ఏ తిండైనా. తెలుగులో అది వండిన బియ్యానికి దిగింది. హీబ్రూలో లెహెం రొట్టె, అరబ్బీలో అదే కుదురు నుంచి వచ్చిన లహ్మ్ మాంసం. అందుకే బేత్లెహేము ఒక భాషలో రొట్టెల ఇల్లు, ఇంకో భాషలో మాంసం ఇల్లు.

తమాషా ఏమిటంటే ఐష్ మనకూ తెలుసు. "వాడికేంరా, ఐష్ చేస్తున్నాడు" అని హైదరాబాద్‌లో అనేది ఈ మాటే. అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చేసరికి బతుకు కాస్తా విలాసమైంది. కైరోలో ఎండురొట్టె, దమ్మామ్‌లో పిడికెడు మెతుకులు, కోఠిలో జల్సా. ఇదే కుదురులోంచి మఆష్ పుట్టింది. అర్థం జీవనోపాధి. కువైట్‌లో జీతాన్ని మఆష్ అంటారు, సౌదీలో రాతిబ్ అన్న మాట ఎక్కువ. నిజాం కాలపు రికార్డుల్లో కనిపించే మదద్‌మాష్ ఇనాములు బతుకు గడవడానికి ఇచ్చిన భూములు. ఇంకా దగ్గరి చుట్టం బద్మాష్. బద్ అంటే చెడు, మఆష్ అంటే బతుకుతెరువు. చెడ్డ పని చేసి పొట్ట పోసుకునేవాడు. పక్కింటి కుర్రాణ్ని ఆ మాటతో తిట్టేవాళ్లలో ఎందరికి ఆ తిట్టులో రొట్టె ఉందని తెలుసో!

హిజాజ్‌లో, ఈజిప్టులో ఉద్యోగాన్ని అక్ల్ ఏష్ అనడం ఉంది. మాటకు మాట చెబితే రొట్టె తినడం, భావం మాత్రం పొట్టకూడు. "ఈ పని నచ్చి చేస్తున్నావా?" అంటే భుజాలెగరేసి అక్ల్ ఏష్ అంటారు. మనవాళ్లయితే కోటి విద్యలూ కూటి కొరకే అంటారు. నెల్లూరు బారాషహీద్ దర్గాలో ముహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువులో నిలబడి జనం చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టెలతో పాటు విదేశీయానం రొట్టె కూడా మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు రొట్టె తెచ్చి ఇస్తారు. ఆ రొట్టె పట్టుకున్నవాళ్లలో కొందరు నేరుగా కుబూస్ దేశానికే చేరుతుంటారు.

సామెతల్లోనూ ఖుబ్‌జ్ గట్టిగా పాతుకుపోయింది. రొట్టెను రొట్టెగాడికే అప్పగించు, సగం తినేసినా సరే అని ఒకటి. పని తెలిసినవాడికే పని ఇవ్వాలి, వాడు కాస్త ఎక్కువ పుచ్చుకున్నా నష్టం లేదని. గల్ఫ్ ఇళ్లలో వినిపించేది ఇంకొకటి: నువ్వు కాల్చిన రొట్టే ఇది, ఓ చేతకానిదానా, నువ్వే తిను అని. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనడమే, కాస్త వంటింటి కారం కలిపి. మా మధ్య ఏష్, ఉప్పు ఉన్నాయి అంటే కలిసి తిన్నవాళ్లం, ద్రోహం తలపెట్టకూడదు అని. మనం ఉప్పు ఒక్కటే లెక్కపెడతాం.

ఈ గౌరవం మాటలతో ఆగదు. రొట్టెముక్క దారిలో పడి ఉంటే తీసి పక్కన ఎత్తుగా పెట్టేవాళ్లు ఉంటారు. మిగిలిన ఖుబ్‌జ్‌ను చెత్తలో కలపకుండా వేరే సంచీలో కట్టి చెత్తడబ్బా పక్కన తగిలిస్తారు, గొర్రెలకో పావురాలకో చేరుతుందని. అంత గౌరవం ఉన్నా పారబోత తక్కువేం కాదు. దేశంలో తిండి మూడో వంతు వృథా అవుతోందని ధాన్య సంస్థ 2019లో లెక్క తేల్చింది. రియాలు రొట్టెకు అదొక శాపం. చవగ్గా దొరికేదాన్ని లెక్కపెట్టి ఎవరు కొంటారు?

లేబర్ క్యాంపు గదిలో మాత్రం పారబోత తక్కువే. నిన్నటి కుబూస్ మీద నీళ్లు చిలకరించి పెనం మీద వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. అలా కూడా లొంగకపోతే ముక్కలు తుంచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవాలు పోపేసి ఉప్మా చేస్తారు. అరబ్బులూ ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. రొట్టె ముక్కల్ని మాంసం పులుసులో నానబెడితే సరీద్, ప్రవక్త కాలం నుంచీ పేరున్న వంటకం. ఎండల్లో సైటుకు కట్టుకుపోవడానికి అన్నం కంటే కుబూస్ నమ్మకం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ వేళకు పొద్దున డబ్బాలో పెట్టిన అన్నం పాసిపోయి ఉండవచ్చు. కుబూస్ ఎండుతుంది తప్ప పాడవదు.

ఇంటి దగ్గర వాళ్లకు ఈ లెక్కలు పట్టవు.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

"కుబూస్, పప్పు తిన్ననే అమ్మా."

"బువ్వ తినలేదా మరి?"

రెండు కుబూసులు, గిన్నెడు పప్పు తిన్నవాడి కడుపు నిండే ఉంటుంది. అమ్మ దృష్టిలో వాడింకా భోంచేయలేదు. దమ్మామ్ ముసలావిడకు ఏష్ ఎలాగో, ధర్మపురి అమ్మకు బువ్వ అలాగ. ఆ పేరున్న తిండి పడితేనే తిన్నట్టు.

చివరగా లెక్కపెట్టడం గురించి ఒక మాట. అరబ్బీలో ఖుబ్‌జ్ అంటే మొత్తంగా రొట్టె అనే పదార్థం, నీళ్లలాగా, అన్నంలాగా. ఒక్కటి కావాలంటే ఖుబ్‌జా అనాలి, లేదా సౌదీ వాడుకలో హబ్బా, అంటే గింజ, ఒకటి అనే మాట చేర్చాలి. అర్బా హబ్బాత్ అంటే నాలుగు. ఈ గొడవంతా మనవాళ్లు పట్టించుకోలేదు. కుబూస్‌కు లు చేర్చి కుబూసులు చేశారు, "నాలుగు కుబూసులు తే" అన్నారు. కమీజు కమీజులై, కితాబు కితాబులైన దారిలోనే ఇదీ వచ్చింది. ఈ మాటను తెలుగు నిఘంటువులోకి ఎక్కించేవాళ్లు ఖుబ్‌జ్ అని దిద్దాలని చూస్తారేమో. నన్నడిగితే కుబూస్ అనే రాయాలి, పక్కన బహువచనం కుబూసులు అని కూడా.